ప్రయోగశాలలో ప్రణయ చాటువులు

విజ్ఞానశాస్త్రమనగనే మనకు త్రాసులు, బ్యూరెట్లు, గాజు కుప్పెలు, రికార్డు పుస్తకములు జ్ఞప్తికి వచ్చును. ప్రణయ కవిత్వమనగనే వెన్నెల, మల్లెలు, దీపశిఖ చుట్టును తిరుగు శలభము తోచును. ఈ రెండును ఒకచోట ఇమడవని మనలో పెక్కుమంది తలంతురు. కాని శాస్త్రచరిత్రను కొంచెము తరచి చూచిన యెడల, మహాశాస్త్రజ్ఞులు అనేకులు తమ తోడి పనివారిని నవ్వించుటకై ప్రణయకవితా ధోరణిలో శాస్త్రవిషయములను పొదిగి చిన్న చిన్న పద్యములు వ్రాసినట్లు తెలియగలదు. మన తెలుగులో చాటువు అనబడునదియు, ఉర్దూలో మిజాహియా షాయిరీ అనబడునదియు ఇట్టిదే. ఈ వ్యాసమున అట్టి పద్యములు కొన్నింటిని పరిచయము చేసి, వానిలోని శాస్త్రమును వివరించి, మన కళాశాల ప్రయోగశాలలలో వానికి చోటుండవచ్చునా అను ప్రశ్నను విద్యార్థి మిత్రుల యెదుటను, కళాశాల కమిటీ పెద్దల యెదుటను ఉంచదలచినాము.

రెండు విధములైన లేఖలు

పాశ్చాత్య దేశములలో ఫిబ్రవరి 14వ తేదీని సెయింట్ వేలంటైన్ పేరిట జరుపుకొను ఆచారము కలదు. ఆనాడు స్నేహమును, అనురాగమును తెలుపు పద్యలేఖలను పంపుదురు. ఆ లేఖలకును వేలంటైన్ అనియే పేరు. ఇంగ్లండులో 1840లో ఒక పెన్నీకి ఉత్తరము చేరవేయు పద్ధతి వచ్చిన పిమ్మట ఈ లేఖలు విపరీతముగా పెరిగినవి. చాలవరకు పంపినవారి పేరు వానిపై ఉండదు.

పేరు లేని లేఖకు రెండు ముఖములు కలవు. ఒకటి సరసము. రెండవది విరసము. విక్టోరియా రాణి కాలమున కొందరు చౌకబారు అచ్చుకాగితములపై ఎదుటివారి రూపమును, వయస్సును, వృత్తిని, పెండ్లి కాకపోవుటను వెక్కిరించు పద్యములను పంపి ఆనందించెడివారు. వీనిని తరువాతివారు 'వినెగర్ వేలంటైన్' అనిరి. వినెగర్ అనగా పుల్లని కాడిద్రవము గదా! అట్టి లేఖ అందుకొన్నవారు పంపినది ఎవరో తెలియక, తోడివారినందరిని అనుమానించుచు బాధపడెడివారు. ప్రయోగశాలలలో పుట్టిన హాస్యపద్యములు ఈ పులుపును వదలి సరసమును మాత్రమే గ్రహించినవి. అది ఎట్లో చూతము.

మాక్స్‌వెల్ తంతిలేఖ

ఈ జాతి పద్యములలో మకుటాయమానమైనది జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ వ్రాసినది. విద్యుత్తును, అయస్కాంతత్వమును, కాంతిని ఒకే సూత్రముల క్రిందికి తెచ్చిన మహనీయుడీయన. 1831లో జన్మించి 1879లో గతించెను. 1871లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున మొదటి కావెండిష్ ఆచార్యుడై, 1874లో తెరువబడిన కావెండిష్ ప్రయోగశాలకు తొలి అధిపతిగా నుండెను. ఇంతటి గంభీరుడు చిన్ననాటి నుండి హాస్యపద్యములు వ్రాయుచునే ఉండెను. 1882లో వెలువడిన ఆయన జీవితచరిత్రలో ఆ పద్యములు చేర్చబడినవి. వానిలో ఒకటి, ఒక తంతి కార్యాలయపు గుమాస్తా దూరమున మరొక కార్యాలయమునందున్న మహిళా గుమాస్తాకు పంపిన వేలంటైన్. నాయకుడు, నాయిక ఇరువురును కల్పితులే.

ఈ పద్యమునందలి చమత్కారము తెలియవలెనన్న ఆనాటి విద్యుద్ఘటముల సంగతి తెలియవలెను. నాయకుడు తన హృదయమును మూడు ఘటములతో పోల్చుకొనును. మొదటిది 1836లో డేనియల్ కనిపెట్టిన ఘటము. సామాన్య ఘటములో రాగిపలకపై హైడ్రోజన్ బుడగలు పేరుకొని ప్రవాహము క్రమముగా క్షీణించును. డేనియల్ ఘటములో రాగిపలక మైలుతుత్తపు ద్రావణములో నుండుటచే, బుడగలకు బదులు రాగియే పలకపై చేరును. అందుచే ప్రవాహము చాలసేపు నిలుకడగా నుండును. కావున స్థిరమైన ప్రేమకు డేనియల్ ఘటము ఉపమానమైనది. రెండవది 1839 నాటి గ్రోవ్ ఘటము. అందు జింకు, ప్లాటినము, గాఢ నత్రికామ్లము ఉండును. డేనియల్ ఘటపు విద్యుచ్చాలక బలము సుమారు 1.1 వోల్టు కాగా, దీనిది సుమారు 1.9 వోల్టులు. కావున ఇది బలమునకు ఉపమానము. మూడవది 1840 నాటి స్మీ ఘటము. ఇందు సన్నని ప్లాటినపు పొడి పూసిన వెండిపలకపై హైడ్రోజన్ బుడగలు నిలువక బుసబుస పైకి లేచుచుండును. పొంగిపొరలు ఉత్సాహమునకు ఇంతకన్న తగిన పోలిక దొరుకునా?

అంతటితో ఆగలేదు. తీగచుట్ట నడుమ అయస్కాంతపు సూది ఉండును. చుట్టలో ప్రవాహము పారగనే సూది కదలును. ఆనాటి తంతి యంత్రములు కొన్ని ఈ సూత్రము మీదనే నడచెడివి. నాయకుని గుండె సూదియైనది, నాయిక తలపులు దాని చుట్టు చుట్టిన తీగలైనవి. ఒక తీగలోని ప్రవాహము మారినపుడు ప్రక్క తీగలో ప్రవాహము పుట్టుటను ప్రేరణ అందురు. ఫారడే దీనిని కనుగొన్నది 1831లో, అనగా మాక్స్‌వెల్ పుట్టిన సంవత్సరముననే. నాయకుడు తన మాట నాయిక మనస్సున ఎట్టి ప్రవాహమును ప్రేరేపించినదని అడుగును.

నాయిక ప్రత్యుత్తరము మరింత రమ్యము. ఆమె ఓమ్, వెబర్, ఫారడ్, వోల్టు అను కొలతల భాషలో జవాబు చెప్పును. ఓమ్ నిరోధమునకు ప్రమాణము. తీగ ఎంత పొడవైన అన్ని ఓములు ఎక్కువ. ఆ అడ్డంకులన్నిటిని దాటి సందేశము వచ్చినదని భావము. ఫారడ్ విద్యుత్తును నిలువచేయు శక్తికి ప్రమాణము. ఒక ఫారడ్ ఎంత పెద్దదో మన విద్యార్థులు ఎరుగుదురు. మన ప్రయోగశాలలోని కెపాసిటర్లపై సామాన్యముగా మైక్రోఫారడ్ అని వ్రాసియుండును. అట్టివి పది లక్షలు కలిసిన గాని ఒక ఫారడ్ కాదు. తాను ఒక ఫారడ్‌నని నాయిక చెప్పుట ఆమె హృదయ వైశాల్యమును సూచించును.

ఇందు ఒక చారిత్రక విశేషమును గమనింపవలెను. ఈ పద్యమున వెబర్ అనునది ప్రవాహమునకు ప్రమాణముగా వాడబడినది. నేటి విద్యార్థి దీనిని చదివి, వెబర్ అయస్కాంత అభివాహమునకు గదా ప్రమాణమని ఆశ్చర్యపడును. ఆనాడు ఇంగ్లండులో ప్రవాహమును వెబర్లలో చెప్పు అలవాటుండెను. 1881లో పారిస్ నగరమున జరిగిన అంతర్జాతీయ విద్యుత్ మహాసభలో ఆంపియర్ అను పేరు స్థిరపడినది. ఇట్లు ఒక హాస్యపద్యము శాస్త్రచరిత్రకు సాక్ష్యముగా నిలిచినది.

మాక్స్‌వెల్ తన పద్యములకు పెట్టుకొన్న సంతకమును చెప్పకపోయిన ఈ ముచ్చట పూర్తికాదు. ఆయన 'డీ పీ బై డీ టీ' అని సంతకము చేసెడివాడు. ఉష్ణగతిశాస్త్రపు రెండవ నియమమును ఒక గ్రంథములో వ్రాసిన తీరున, ఉష్ణోగ్రతతోపాటు పీడనము మారు రేటు జె, సి, ఎం అను మూడు రాశుల లబ్ధమునకు సమానమగును. జె.సి.ఎం. అనగా జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్! సమీకరణము తెలిసినవారికి మాత్రమే కవి పేరు తెలియును.

విందులు, వృత్తములు, నాటకములు

మాక్స్‌వెల్ అనంతరము కావెండిష్ ప్రయోగశాలలో ఈ సంప్రదాయము తరగలేదు. 1884 నుండి 1919 వరకు అధిపతిగా నుండిన జె.జె. థామ్సన్ కాలమున, పరిశోధకులు వార్షిక విందులో తాము కట్టిన పాటలను కలిసి పాడెడివారు. 'క్లెమెంటైన్' అను ప్రసిద్ధ గీతపు బాణీలో అయానులను గూర్చి కట్టిన పాట వానిలో పేరొందినది. 1897లో ఎలక్ట్రానును వెలికితీసిన ప్రయోగశాల ఇదే. పగలు అయానులతో పెనగులాడినవారు రాత్రి వానిని పాటలో ఆటపట్టించిరన్నమాట.

ఫ్రెడరిక్ సాడీ అను రసాయనవేత్త ఐసోటోపులపై చేసిన కృషికి 1921వ సంవత్సరపు నోబెల్ బహుమానమును పొందినవాడు. ఆయన 1936 జూన్ 20వ తేదీ 'నేచర్' పత్రికలో 'ది కిస్ ప్రిసైజ్' అను పద్యమును ప్రకటించెను. పేరు చూచి ప్రణయగీతమనుకొన్నవారికి లోపల కనబడునది క్షేత్రగణితము! ఆంగ్లమున ఒకదానినొకటి తాకు వృత్తములను ముద్దాడు వృత్తములని చమత్కారముగా చెప్పుదురు. నాలుగు వృత్తములు పరస్పరము తాకుచున్నపుడు వాని వ్యాసార్ధముల నడుమ నుండు సంబంధమును సాడీ పద్యరూపమున చెప్పెను. ఈ సూత్రమును డేకార్ట్ 1643లో ఎలిజబెత్ రాకుమారికి వ్రాసిన లేఖలోనే చర్చించెను.

సూత్రమిది: ప్రతి వృత్తపు వ్యాసార్ధమునకు వ్యుత్క్రమమును తీసుకొని దానిని వంపు అనుకొందము. నాలుగు వంపుల వర్గముల మొత్తము, ఆ నాలుగింటి మొత్తపు వర్గములో సగమునకు సమానము. ఉదాహరణకు 1, 2, 3 అంగుళముల వ్యాసార్ధములు గల మూడు వృత్తములు ఒకదానినొకటి తాకుచున్నవి. వాని నడుమ ఖాళీలో మూడింటిని తాకుచు ఇముడు చిన్న వృత్తపు వ్యాసార్ధమెంత? మూడు వంపులు 1, 1/2, 1/3. లెక్క చేసిన నాలుగవ వంపు 23/6 అని వచ్చును. అనగా వ్యాసార్ధము 6/23 అంగుళము. అదే లెక్కకు రెండవ జవాబు ఋణ 1/6. ఋణచిహ్నమునకు అర్థము, 6 అంగుళముల వ్యాసార్ధము గల వృత్తమొకటి ఆ మూడింటిని బయటినుండి తన కౌగిటిలో నిముడ్చుకొనుననియే. విద్యార్థులు వృత్తలేఖినితో గీచి సరిచూచుకొనవచ్చును.

1932 ఏప్రిల్‌లో కోపెన్‌హాగెన్ నగరమున నీల్స్ బోర్ సంస్థలో సమావేశమైన యువ భౌతికశాస్త్రజ్ఞులు, గొయితే మహాకవి శతవర్ధంతి సందర్భమున ఆయన 'ఫౌస్ట్' నాటకమును అనుకరించి ఒక ప్రహసనమును ప్రదర్శించిరి. దాని రచనలో ముఖ్యపాత్ర మాక్స్ డెల్‌బ్రుక్‌ది. అందు బోర్ దేవుడు, పౌలీ సైతాను, ఎరెన్‌ఫెస్ట్ నాయకుడైన ఫౌస్ట్. నాయిక గ్రెట్‌షెన్ ఎవరనుకొన్నారు? న్యూట్రినో! విద్యుదావేశము లేనట్టిది, ఎవరికిని కనబడనట్టిది. పౌలీ 1930లో ఊహించిన ఈ కణమును నమ్ముమని నాయకుని ఒప్పించుటయే కథ. కనబడని ఆ నాయికను 1956లో రైన్స్, కోవన్ అను శాస్త్రజ్ఞులు ప్రయోగము ద్వారా నిరూపించిరి. ఈ ప్రహసనమున చిన్నవారు పెద్దలను ఆటపట్టించిరే గాని, పెద్దలు చిన్నవారిని చిన్నబుచ్చలేదని గుర్తుంచుకొనవలెను.

మన యింటి సొత్తు

ఇదంతయు పరదేశపు వేడుక యని ఎవరైన అందురేమో! శాస్త్రమును సరసముగా చెప్పుట మనకు క్రొత్త గాదు. 1150లో భాస్కరాచార్యుడు రచించిన 'లీలావతి'యే ఇందుకు సాక్షి. అందొక తుమ్మెదల లెక్క కలదు. ఒక తుమ్మెదల గుంపులో సగమునకు వర్గమూలమెంతయో అన్ని మాలతీలత మీదికి పోయినవి. మొత్తములో తొమ్మిదింట ఎనిమిది వంతులును అటే పోయినవి. పరిమళమునకు ఆశపడి రాత్రి తామరలో చిక్కుకొన్న మగతుమ్మెద లోపల ఝంకారము చేయుచుండగా, ఆడతుమ్మెద వెలుపల తిరుగుచు బదులు పలుకుచున్నది. మొత్తమెన్ని? జవాబు 72. సగము 36, దాని వర్గమూలము 6. తొమ్మిదింట ఎనిమిది వంతులు 64. మిగిలినది ఆ విరహపు జంట. ఇది వర్గసమీకరణమా, విప్రలంభ శృంగారమా? రెండును.

అక్బరు పాదుషా ఆనతిని అబుల్ ఫైజ్ ఫైజీ 1587లో ఈ గ్రంథమును పారసీక భాషలోనికి అనువదించెను. లీలావతి భాస్కరుని కుమార్తె యను ప్రసిద్ధ గాథ ఫైజీ అనువాదము వలననే లోకమునకు తెలిసినది. తెలుగున పావులూరి మల్లన మహావీరాచార్యుని గణితగ్రంథమును పద్యములలోనికి తెచ్చి ఎన్నడో దారి చూపెను. రుబాయీలకు పేరొందిన ఉమర్ ఖయ్యాము ఘన సమీకరణములను శంకుచ్ఛేదములతో సాధించిన గణితవేత్త యని మన ఉర్దూ విభాగపు మిత్రులకు వేరుగా చెప్పనక్కరలేదు.

మన రెండు భాషలును ఇట్టి హాస్యమునకు ఎంత అనువైనవో చూడుడు. తెలుగు రసాయనశాస్త్రమున రెండు పదార్థములు కలియుట సంయోగము, విడిపోవుట వియోగము. కావ్యములలో నాయికానాయకులకును అవే మాటలు! బంధము, ఆకర్షణ, ప్రేరణ, స్పర్శరేఖ అను పదములన్నియు అట్టివే. ఉర్దూలో కషిష్ అనగా మనస్సును లాగు అందము. గురుత్వాకర్షణ కషిష్-ఎ-సఖ్ల్. గజళ్ళలో పక్షిగూటిపై పడు మెరుపు బర్ఖ్. విద్యుత్తునకును అదే పేరు. 1918లో ఉర్దూ బోధనాభాషగా స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున అనువాద విభాగము వారు శాస్త్రపదములను కూర్చుటకు ఎంతయో శ్రమించిరి. హైదరాబాదులో నేటికిని హాస్య ముషాయిరాలకు జనము నిండుగా వత్తురు. సామగ్రి సిద్ధముగా నున్నది. కూర్చువారే కావలెను.

మచ్చునకు రెండు పద్యములు

ఆ ధైర్యముతో మేమును రెండు ఆటవెలదులు కూర్చితిమి. మొదటిది అంశమాపనము చేయు తోడి విద్యార్థులందరికిని.

చుక్క చుక్క రాల్చి చూచితి నోపికన్
రంగు రాదు రాదు రాదటంచు
నొక్క చుక్క మించ నుక్కిరి బిక్కిరై
సిగ్గు పడెను కుప్పె చెలియ వోలె.

కుప్పెలో ఆమ్లమును, రెండు చుక్కల ఫినాఫ్తలీనును ఉంచి, బ్యూరెట్ నుండి క్షారమును వదలుదుము. ఫినాఫ్తలీను ఆమ్లములో రంగులేనిది. క్షారము పాలు కొంచెము హెచ్చగనే గులాబి వన్నె తాల్చును. అంతిమ బిందువునొద్ద ఒక్క చుక్కతో, అనగా సుమారు 0.05 మిల్లీలీటరుతో, రంగు మారును. తొందరపడి రెండు మూడు చుక్కలు ఎక్కువ వదలిన సిగ్గు కాస్త కోపముగా మారి కుప్పె ఎఱ్ఱబడును, లెక్క తప్పును.

రెండవది జీనాన్ వాయువు చెప్పుకొన్న మాట.

జడుడ నంచు నొంటి జడవాయువును బోలి
కూడ కుంటి నెవరి తోడ నెపుడు
ఫ్లోరి నొకటి వచ్చి పొందుగఁ బిలిచిన
జడత వీడి నేను జతను గంటి.

హీలియము, నియాన్, ఆర్గాన్, క్రిప్టాన్, జీనాన్ మొదలగు వాయువుల వెలుపలి కక్ష్యలో ఎలక్ట్రానులు నిండుగా నుండుటచే అవి దేనితోను కలియవని 1962 వరకు పెక్కుమంది నమ్మిరి. ఆ యేడు నీల్ బార్ట్‌లెట్ ప్లాటినము హెక్సాఫ్లోరైడుతో జీనాన్‌ను కలిపి ఆ నమ్మకమును సడలించెను. అదే యేడు జీనాన్ నేరుగా ఫ్లోరినుతో కూడి టెట్రాఫ్లోరైడు అగుట కూడ ఋజువైనది. కావున ఈ పద్యమును హీలియము పేర వ్రాసిన యెడల తప్పగును. జీనాన్ పేర వ్రాసినందుననే చెల్లును. హాస్యమునకును శాస్త్రశుద్ధి కావలెననుటకు ఇదియే తార్కాణము.

ఏమి ప్రయోజనము?

ఇవి కాలక్షేపపు మాటలు కావా అని పెద్దలు అడుగవచ్చును. మా మనవి ఇది. మన విద్యార్థులలో చాలమంది ఉర్దూ మాధ్యమమునుండియో, తెలుగు మాధ్యమమునుండియో వచ్చి కళాశాలలో ఆంగ్లమున శాస్త్రమును చదువుదురు. సూత్రములను కంఠస్థము చేసి పరీక్షలో ఒప్పజెప్పుదురు. కంఠస్థము చేసిన సూత్రము పరీక్ష ముగియగానే జారిపోవును. అదే విద్యార్థి ఫారడ్‌ను గూర్చి తన మాతృభాషలో ఒక చమత్కారము కూర్చవలెనన్న, ఫారడ్ అననేమో, అది ఎంత పెద్దదో, దేనితో పోల్చిన చెల్లునో, దేనితో పోల్చిన చెల్లదో ఆలోచింపక తప్పదు. కంఠపాఠమున కప్పిపుచ్చుకొన్న అజ్ఞానము పద్యమున బయటపడును. తోడివారు వెంటనే నవ్వుచు దిద్దుదురు. గురువు మందలింపుకన్న అట్టి దిద్దుబాటు చాలకాలము నిలుచును.

అయినను హద్దులు ఉండవలెను. మన ప్రయోగశాలలలో విద్యార్థినులు, విద్యార్థులు ప్రక్కప్రక్కన నిలబడి పనిచేయుదురు. ఎన్నో కుటుంబములు సందేహించుచునే తమ కుమార్తెలను శాస్త్రశాఖలకు పంపుచున్నవి. ఒక్క మొరటు పరిహాసము చాలును, ఒక బాలిక చదువు ఆగుటకు. కావున మూడు నియమములను సూచించుచున్నాము. మొదటిది, పద్యము ఏ వ్యక్తి పేరను ఉండరాదు. మాక్స్‌వెల్ వలె కల్పిత పాత్రలకో, కుప్పెకో, వాయువునకో చెప్పింపవలెను. రెండవది, పద్యము కవి పేరుతోనే వెలువడవలెను. చాటున వ్రాసిన హాస్యము వినెగరుగా మారుట సులభము. మూడవది, రూపము, కులము, మతము, భాష, మార్కులు హాస్యవస్తువులు కారాదు. అట్లే ప్రయోగశాల పరిచారకుని వంటి మనకన్న తక్కువ అధికారము గలవారిని ఎగతాళి చేయరాదు. ఆటపట్టింపవలెనన్న అధ్యాపకుల వైపు తిరుగుడు. కోపెన్‌హాగెన్ యువకులు చేసినది అదే.

వచ్చే వార్షిక సంచికలో ఒక పుటను ఉర్దూ, తెలుగు శాస్త్రచాటువులకు కేటాయింపవలసినదిగా సంపాదకవర్గమును, కళాశాల కమిటీని సవినయముగా కోరుచున్నాము. ప్రతి పద్యము క్రింద అందలి శాస్త్రమును నాలుగు పంక్తులలో వివరించుట కవి బాధ్యతగా ఉండవలెను. శాస్త్రము సరియైనదో కాదో సంబంధిత అధ్యాపకులు పరిశీలింపవలెను. ఉర్దూ పద్యమును తెలుగు విద్యార్థికిని, తెలుగు పద్యమును ఉర్దూ విద్యార్థికిని విప్పి చెప్పుటకు రెండు భాషలును తెలిసినవారు మనలో కొదువ లేరు. మిత్రులు సెలవులు ముగిసిన వెంటనే తమ పద్యములను అందజేయుదురని ఆశించుచున్నాము.